తొండమానుడి తప్పు మనసులోనే ఉంది

తిరుమలలో గర్భగుడి గడప అయిన కులశేఖరపడి దాటి మూలవిరాట్టు దగ్గరికి వెళ్లే నైవేద్యం ఓడులో పెట్టిన పెరుగన్నం ఒక్కటే. ఓడంటే సగానికి పగలగొట్టిన కొత్త మట్టికుండ. లడ్డూలూ పొంగళ్లూ అన్నీ గడప ఇవతలే. ఎందుకని అడిగితే మా తిరుపతిలో పెద్దవాళ్లు భీముడనే కుమ్మరి కథ చెప్తారు.

తొండమాన్ చక్రవర్తి స్వామిని బంగారు పూలతో పూజించేవాడు. ఒకరోజు చూస్తే అవి పక్కకు పోయి, పాదాల మీద మట్టి పూలున్నాయి. కొండెక్కే తీరిక లేని భీముడు కుండలు చేస్తూనే చేతికంటిన మట్టితో పూలు చేసి ఇంట్లో కొయ్యబొమ్మకు పెట్టుకునేవాడు, అవే ఇక్కడికి చేరుతున్నాయి.

నాకు గుచ్చుకునేది ఏమిటంటే, రాజు ఆ కుమ్మరిని ఒక్క మాట కూడా అనలేదు. అలాంటివాడు ఒకడున్నాడనే ఆయనకు తెలియదు. 'నన్ను మించిన భక్తుడెవడు' అని లోపల అనుకున్నాడు, అంతే. స్వామి దాన్నే పట్టుకున్నాడు.

ఆఫీసులోనో లాడ్జీలోనో పదిమందిని నడిపేవాళ్లు 'నేనెవర్నీ ఏమీ అనను, అండీ అనే పిలుస్తాను' అంటుంటారు. నిజమే కావచ్చు. కానీ 'వీడి వల్ల ఏం కాదులే' అని లోపల ముద్ర వేసేశాక, ఆ కుర్రాడు రాసిన బిల్లు రెండుసార్లు చూస్తారు, బ్రహ్మోత్సవాల రద్దీలో ముఖ్యమైన పని పక్కవాడికిస్తారు, మీటింగ్‌లో అతను నోరు తెరవగానే ఫోన్ చూసుకుంటారు, అతనికి అదంతా అర్థమై టెన్షన్‌తో నిజంగానే తప్పు చేస్తాడు, అప్పుడు 'నేను ముందే అనుకున్నా' అంటారు. ఆ తప్పులో తమ వాటా ఎంతో వాళ్లకు తట్టదు. మిగతా స్టాఫ్ కూడా సార్ ముఖం చూసి అతన్ని దూరం పెడతారు, టీకి కూడా పిలవరు. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

తొండమానుడు మాత్రం సంగతి తెలిశాక భీముణ్ణి ఆస్థానానికి రప్పించుకోలేదు, తానే కుమ్మరింటికి వెళ్లాడు. స్వామి కూడా అక్కడికే వచ్చి ఆ ఇంట్లో పెట్టింది తిన్నాడని కథ.

గుడిలో అర్చనకు గోత్రం, ఇంట్లోవాళ్ల పేర్లు చెప్తాం కదా. ఈసారి మీకు లోపల ఎవరంటే చిన్నచూపో వాళ్ల పేరు కూడా మనసులో చెప్పుకుని, బాగుండాలని అడగండి. మొదట్లో మనసు ఒప్పుకోదు, అయినా అడగండి. మర్నాడు డ్యూటీలో అతను ఎదురైతే ఏదో ఒక విషయంలో సలహా అడిగి, చెప్పడం అయ్యేదాకా వినండి.