మెడపూసలు ఏడే, ఎలుకకైనా జిరాఫీకైనా

జిరాఫీ మెడలో ఎముకలు ఎన్ని ఉంటాయో ఎవర్నైనా అడిగి చూడండి, ఇరవయ్యో ముప్పయ్యో అంటారు. ఏడే. మనకీ ఏడే, ఎలుకకీ ఏడే, మెడ ఉందో లేదో తెలియని తిమింగలానికి కూడా ఏడే. జిరాఫీకి ఒక్కో పూస జానెడు పైనే, 25 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, అందుకే మెడ దాదాపు 2 మీటర్లు వచ్చేస్తుంది. రైట్ వేల్ అనే తిమింగలానికేమో అవే ఏడూ పలచబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అంటే పాలిచ్చే జంతువుల్లో పూసల సైజు ఎంతైనా మారింది గానీ లెక్క మాత్రం దాదాపు ఎక్కడా మారలేదు, నాకైతే జిరాఫీ మెడ పొడుగు కన్నా ఇదే పెద్ద వింత.

ఎందుకు మారలేదు అన్నదానికి ఫ్రీట్సన్ గాలిస్ అనే బయాలజిస్టు 1999లో ఒక వివరణ ఇచ్చారు. కడుపులో పిండంగా ఉన్నప్పుడు ఏ పూస మెడలోది అవ్వాలి, ఏది ఛాతీలోది అవ్వాలి అని చెప్పేవి హాక్స్ జీన్లు, అవి ఆ ఒక్క పనే చెయ్యవు, ఇంకా చాలా పనుల్లో ఉంటాయి, కాబట్టి లెక్క తప్పితే దాంతోపాటు వేరే లోపాలు కూడా వచ్చి పడతాయి, చిన్నపిల్లల క్యాన్సర్లతో సహా అని ఆవిడ వాదన. మనుషుల్లో కూడా కొద్దిమందికి ఏడో పూసకి పక్కటెముక మొలుస్తుంది, సర్వైకల్ రిబ్ అంటారు, కొందరికి అది నరాల్ని నొక్కి చెయ్యి తిమ్మిర్లెక్కుతుంది. ఈ ఏడు రూల్ తప్పినవి రెండే రకాలు, నీళ్ళలో ఉండే మనాటీ అనే జంతువుకి ఆరు, చెట్లకి వేలాడే స్లాత్‌లలో రెండు వేళ్ళ వాటికి ఐదు నుంచి ఏడు, మూడు వేళ్ళ వాటికి ఎనిమిది తొమ్మిది అలా. రెండూ బాగా నెమ్మది జంతువులే, ఒంట్లో శక్తి ఖర్చు తక్కువ, అందుకే వాటికి చెల్లిపోయిందని గాలిస్ అంటారు.

పక్షులకి ఈ గొడవే లేదు. కోడికి 14 దాకా ఉంటాయి, హంసకైతే 20 పైనే. ఈసారి కూరలో కోడి మెడ వస్తే పూసలు విడదీసి చివర్లు చూడండి, గుర్రం జీనులా ఒక దిశలో లోతుగా, దానికి అడ్డ దిశలో ఎత్తుగా ఉంటాయి, అందుకే ఆ మెడ పైకీ కిందకీ పక్కలకీ అంత ఈజీగా తిరుగుతుంది.

మన ఏడింటిలో పై రెండూ మిగతావాటిలా ఉండవు. మొదటిది అట్లాస్, దానికి మధ్యలో దిమ్మ ఉండదు, ఒట్టి రింగు, తల బరువంతా దానిమీదే. రెండోది యాక్సిస్, దాన్నుంచి పైకి పన్నులాంటి ఒక ఎముక పొడుచుకొచ్చి ఆ రింగులోకి దూరుతుంది, మనం కాదు అని తల అడ్డంగా ఊపినప్పుడు రింగు ఆ పన్ను చుట్టూ తిరుగుతుంది. మెడ మొత్తం తిరిగేదాంట్లో ఇంచుమించు సగం ఆ ఒక్క చోటే జరుగుతుంది. ఏడోదాన్ని మీరే తడిమి చూసుకోవచ్చు, తల వంచితే మెడ కింద వెనకాల ఎత్తుగా తగిలేది చాలామందికి అదే.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. మెడపూసలకి రెండు పక్కలా చిన్న కన్నాలుంటాయి, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే వెర్టిబ్రల్ ఆర్టరీలు మామూలుగా ఆరో పూస దగ్గర వాటిలోకి దూరి, అట్లాస్ దాకా వచ్చి, అక్కడ వెనక్కి మెలిక తిరిగి పుర్రెలోకి పోతాయి. అంటే మెడ ఎక్కడ ఎక్కువ తిరుగుతుందో సరిగ్గా అక్కడే రక్తనాళం కూడా మెలిక తిరిగి ఉంది. గుడ్లగూబ తల 270 డిగ్రీలు తిప్పుతుంది కదా, దాని పూసల్లో ఆ కన్నాలు రక్తనాళం కన్నా పది రెట్లు వెడల్పని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో చూపించారు, అందుకని తిప్పినా నాళం నలగదు. మనకి అంత ఖాళీ లేదు.

అందుకే కటింగ్ షాపులో కటింగ్ అయ్యాక తలకి మసాజ్ చేసి, గడ్డం పట్టుకుని ఒక్క విసురున టక్కుమని మెడ తిప్పుతారు చూడండి, అది నాకు చూస్తేనే భయం. హాయిగా ఉంటుందని మనవాళ్ళు అడిగి మరీ చేయించుకుంటారు, దాదాపు ఎప్పుడూ ఏమీ కాకపోవచ్చు కూడా, కానీ అరుదుగా ఆ విసురుకి రక్తనాళం లోపలి పొర చిరిగి అక్కడ రక్తం గడ్డ కట్టి స్ట్రోక్ వస్తుంది, వయసులో ఉన్నవాళ్ళకి కూడా. మసాజ్ వరకు చేయించుకోండి, మెడ మాత్రం వద్దు అన్నా అని ముందే చెప్పెయ్యండి. ఒకవేళ అలా చేయించుకున్నాక ఆ రోజో, కొన్ని రోజుల తర్వాతో మెడకి ఒకవైపు ఎప్పుడూ లేనంత నొప్పి, తల వెనక పోటు, కళ్ళు తిరగడం, నడిస్తే తూలడం, మాట ముద్దగా రావడం లాంటివి వస్తే బామ్ రాసుకుని పడుకోవద్దు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పోయి మెడ విరిపించుకున్న సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పండి.