శ, ష, స వినిపించే స్పీకర్ల కోసం

శనివారం. ఆఫీసు లేదు కదా, బట్టలు మిషన్లో పడేసి ఒక గంట నడుం వాలుద్దాం అనుకున్నా. ఎక్కడ! హాల్లో టీవీ వాల్యూమ్ 38 మీద ఉంది, అంత గోలలోనూ నాన్న "ఏమన్నాడమ్మా వాడు?" అని వంటింటి వైపు తిరిగి నన్నే అడుగుతున్నాడు. పై ఫ్లాట్ ఆంటీ మొన్న లిఫ్ట్‌లో "మీ ఇంట్లో డిబేట్లు బాగా చూస్తారనుకుంటా" అంది నవ్వుతూ. ఆ నవ్వుకి అర్థం తెలియనంత చిన్నపిల్లనేం కాదు నేను.

నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఇప్పుడేమో స కీ శ కీ తేడా వినపడట్లేదని ఆయన బాధ. చెవుల డాక్టర్ చూసి వయసుకి తగ్గట్టే ఉంది, సన్నటి శబ్దాలే ముందు తగ్గుతాయి అన్నాడు. శ, ష, స లాంటివన్నీ ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటాయట. దానికి తోడు మా టీవీ పల్చగా అప్పడంలా ఉంటుంది, దాని స్పీకర్లు కిందకి తిరిగి ఉంటాయి, మాట ముందు షోకేసు చెక్కకి కొట్టుకుని ఆ తర్వాత మా దాకా వస్తుంది. వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతోంది గానీ మాట పెరగట్లేదు. ఈ ముక్క బుర్రకెక్కడానికి నాకు ఆరు నెలలు పట్టింది!

సరే, ఇవాళ తేల్చేద్దాం అనుకున్నా. బడ్జెట్ 10,000, ఒక్క రూపాయి దాటకూడదు. బయల్దేరే ముందు స్పీకర్లు తగిలించడానికి టీవీ వెనకాల ఏ ఏ కన్నాలున్నాయో ఫోన్లో ఫోటో తీసుకున్నా (హెడ్‌ఫోన్ పిన్ ఉంది, ఆప్టికల్ ఉంది, బతికిపోయాను). ఘంటసాల పద్యం ఒకటి, వార్తల క్లిప్ ఒకటి కూడా ఫోన్లో పెట్టుకుని కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి నడిచా. ఆన్‌లైన్లో రెండు వందలు తగ్గుతుందేమో గానీ, వినకుండా స్పీకర్ కొనడం అంటే వాసన చూడకుండా మామిడికాయ పచ్చడి కొన్నట్టే నా దృష్టిలో.

మొదటి షాపులో కుర్రాడు నడుమెత్తు టవర్ స్పీకర్ ఒకటి చూపించి "మేడం, గిది తీస్కోండి, బేస్ మస్తుంటది, ఐదు వేల వాట్లు" అన్నాడు. నిజంగానే డబ్బా మీద 5000 అని వేసుంది, పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో పీఎంపీఓ అని (ఒక్క క్షణం వస్తాయని గొప్పగా చెప్పుకునే వాట్లు). దాని అడాప్టర్ తిప్పి చూశా. 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. మా ఇంటి గీజరే 2000 వాట్లు, ఈ టవరేమో ఫోన్ ఛార్జర్ లాంటి దాన్నించి ఐదు వేలు లాగుతుందట! చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు అని ఎక్కడో చదివి ఉండబట్టి సరిపోయింది. పైగా వాడు వినిపించిందంతా డబడబలాడే డీజే ముక్క, గుండెలు అదిరాయి, మాట అన్నది ఒక్కటి లేదు.

రెండో షాపులో సౌండ్‌బార్, టీవీ కింద పెట్టుకునే పొడుగాటి స్పీకర్. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు కూడా "అక్కా, సౌండ్‌బార్ కొనేసి ఊరుకో" అన్నాడు కదా అని శ్రద్ధగానే విన్నా. టీవీ కంటే నయమే, కాదనను. కానీ నా బడ్జెట్లో వాళ్ళు చూపించిన రెండింట్లోనూ విడిగా ట్వీటర్ (సన్నటి శబ్దాల కోసమే ఉండే బుల్లి స్పీకర్) లేదు, చిన్న స్పీకర్లు రెండు, కింద పెట్టుకోడానికి బేస్ డబ్బా ఒకటి. ఆ డబ్బా తీసుకెళ్తే కింది ఫ్లాట్ వాళ్ళు కూడా లిఫ్ట్‌లో నవ్వుతారు.

మూడో షాపులో పెద్దాయన పేపర్ మడిచి పక్కన పెట్టి "ఏం వింటరమ్మా?" అని అడిగాడు. పొద్దుట్నించీ ఆ మాట అడిగిన మొదటి మనిషి. పాత స్పీకర్ల జత, ఆంప్లిఫయర్ విడివిడిగా తీసుకునే దారి కూడా చెప్పాడు, అప్పుడు డీబీ నంబర్ (ఒక వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది) చూడాలట, 88 డీబీ స్పీకర్‌కి 50 వాట్లిస్తే వచ్చే సౌండు 91 డీబీ దానికి 25 వాట్లతోనే వస్తుందట. బాగానే ఉంది గానీ ఆ వైర్లన్నీ నాన్నతో అయ్యే పని కాదు. ఆంప్లిఫయర్ లోపలే ఉన్న బుక్‌షెల్ఫ్ (పుస్తకాల అరలో పట్టేంత చిన్న) స్పీకర్ల జతలు రెండు రకాలు పెట్టించా. ఒకటి భలే ఉందనిపించింది, తీరా చూస్తే దాని వాల్యూమ్ కాస్త ఎక్కువుంది, రెండూ సమానం చేయించి కళ్ళు మూసుకుని వింటే రెండోదే నయం. పద్యంలో ళ ళ లాగే వచ్చింది, శ ష లోకి జారిపోలేదు. లావు శబ్దాలకి నాలుగంగుళాల వూఫరు, పైన చిన్న సిల్క్ ట్వీటరు, 42 వాట్లు, అదీ ఆర్ఎంఎస్. 9,000 చెప్పి 8,200కి ఇచ్చాడు. డబ్బాలో పెడుతూ "వెనక తూటు ఉంది సూడుండ్రి, గోడకి ఆనిచ్చి పెట్టొద్దు" అన్నాడు.

నేను విన్నానా? లేదు. ఇంటికి రాగానే తెచ్చి షోకేసు అరల్లో ఇరికించా, చూడ్డానికి కొలిచి చేయించినట్టు కుదిరాయి. ఆన్ చేస్తే వార్తలు చదివే అమ్మాయి కుండలో మూతి పెట్టి మాట్లాడుతున్నట్టుంది. ఒక్క నిమిషం ఏడుపొచ్చేసింది, 8,200. అప్పుడు గుర్తొచ్చింది తూటు సంగతి. ఆ తూటులోంచి వచ్చే బేస్ అరలోనే గిరికీలు కొడుతోంది. బయటికి తీసి రెండు స్టూళ్ళ మీద, గోడకి జానెడున్నర దూరం లాగి, ట్వీటరు సోఫాలో కూర్చున్న నాన్న చెవి ఎత్తుకి వచ్చేలా కింద పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టా (పారేయొద్దని నాన్న అంటుంటే విసుక్కునేదాన్ని). హాల్లో చప్పట్లు కొడితే ఇంకా ఖంగుమంటోంది, అంతా టైల్సూ సిమెంటు గోడలే కదా. అమ్మ కుట్టిన బొంత నేల మీద పరిచి, కర్టెన్లు మూసి, వెనకున్న బేస్ నాబ్ సగానికి తిప్పా. అప్పుడు విడివడింది మాట. షాపులో విన్నదే, నిజం చెప్పాలంటే ఇంకాస్త బాగా.

రాత్రి తొమ్మిదింటి వార్తలకి వాల్యూమ్ 14. నాన్న ఓ ఐదు నిమిషాలు కదలకుండా విన్నాడు. నేను వంటింట్లోంచి తొంగి చూస్తున్నా, ఏమంటాడా అని.

"అమ్మాయ్, స్పీకర్లు బాగున్నాయి" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "ఇన్నాళ్ళూ నా చెవులే అనుకున్నానమ్మా, ఈ పిల్లకి అసలు ళ పలకడమే రాదు."

రేపు టీవీ నుంచి స్పీకర్లకి వెళ్ళే వైరు గోడకి కొట్టడానికి క్లిప్పులు తేవాలి.