బండ ధరలో బురద ఖర్చు

తాడిపత్రిలో నేను లెక్కలు రాసే బండల పాలిష్ ఫ్యాక్టరీలు పదకొండు. వాటిలో ఒక్కటి కూడా 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కిందికి రాదు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్నది ఆ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే మా యజమానులు "అది పెద్ద కంపెనీలకు గదా సార్, మాకేం సంబంధం?" అంటారు. చట్టం వరకు వాళ్ల మాట నిజమే. అయితే ఆ చట్టం లాభం ఎంతని అడుగుతుందే తప్ప, ఆ లాభం వచ్చే దారిలో పక్కవాడి పొలంలో ఏం పడిందని అడగదు.

నాపరాయిని కోసేటప్పుడూ, పాలిష్ పట్టేటప్పుడూ దాని మీద నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు వేడెక్కుతుంది, దుమ్ము లేస్తుంది. ఆ నీళ్లే రాతిపొడిని కలుపుకొని బూడిదరంగు బురదగా బయటికి వస్తాయి. ఆ బురదను చేతిలోకి తీసుకుంటే మైదాపిండి ముద్దలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. రెండు రోజులు ఎండితే పెచ్చులు కట్టి, ట్రాక్టరు చక్రాల కింద నలిగి, గాలికి లేచి తుమ్మచెట్ల ఆకుల మీద పేరుకుంటుంది. పొలంలో పడితే జరిగే నష్టం ఇంతకన్నా పెద్దది. ఆ సన్నటి పొడి మట్టిలోని సందులను పూడ్చేసి పైన అట్టలా కట్టుకుంటుంది, కురిసిన వాన లోపలికి ఇంకదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం జిల్లాలో వచ్చిన నాలుగు చినుకులను కూడా భూమి తాగలేకపోతే ఆ రైతుకు ఇంకేం మిగులుతుంది?

కొన్నేళ్ల కిందట నా సలహా మీదే ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గరి పల్లెలోని బడి పిల్లలకు నోటుపుస్తకాలు పంచారు. బ్యానరు కట్టారు, ఫొటోలు తీశారు, ఆ బిల్లులను నేను "సామాజిక సేవ" అనే పద్దు కింద రాశాను. కార్యక్రమం అయ్యాక ఒక పెద్దావిడ నన్ను బడి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ ఆమె అర ఎకరం చేను గట్టు మీదుగా బురద దిగి సగం దాకా పరుచుకొని ఉంది. "పుస్తకాలు మా పిల్లోల్లకు పనికొస్తాయి నాయనా, కాదనను. ఈ మన్ను ఎవురు ఎత్తుతారు?" అని అడిగింది. ఆ బురద అదే ఫ్యాక్టరీది. ఆమె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ పద్దును చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత సామాజిక బాధ్యత నిబంధనలను నేను శ్రద్ధగా చదివాను. 2021లో సవరించిన నిబంధనల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అంశం ఒకటుంది. ఏ చట్టం ప్రకారమైనా కంపెనీ తప్పనిసరిగా చేయవలసిన పనిని సామాజిక బాధ్యత ఖర్చుగా చూపించకూడదు. అంటే పర్యావరణ అనుమతి షరతు ప్రకారం ప్రహరీ చుట్టూ నాటిన చెట్లు, కాలుష్య నియంత్రణకు పెట్టిన యంత్రాలు ఆ 2 శాతంలోకి రావు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు, సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పులు కూడా రావు. చేయవలసిన పనికీ చేసిన మేలుకీ మధ్య చట్టం గీసిన ఈ గీత చిన్న ఫ్యాక్టరీకి కూడా వర్తించాలని నా నమ్మకం. బురదను సరిగ్గా పారవేయడం సేవ కిందికి రాదు, అది బండ తయారీలోనే ఒక భాగం.

అది చేయలేని పని కూడా కాదు. నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒకాయన ఫ్యాక్టరీ వెనుక మూడు గదుల తొట్టి కట్టించారు. బురదనీళ్లు మొదటి గదిలో నిలబడి బరువైన పొడిని దించుకుంటాయి, పైనుంచి పొర్లి రెండో గదిలోకి, అక్కడి నుంచి మూడో గదిలోకి చేరేసరికి తేటపడతాయి. ఆ తేట నీళ్లనే మోటారుతో మళ్లీ బ్లేడు మీదికి పంపుతారు. పొద్దంతా ఆడే బోరు ఇప్పుడు తగ్గిన నీళ్లను నింపడానికి ఉదయం కాసేపు ఆడితే సరిపోతోంది. అడుగున చేరిన మడ్డి మాత్రం మిగిలిపోతుంది. మన ప్రాంతపు నాపరాయి సున్నపురాయే. తాడిపత్రి, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది కూడా సున్నపురాయి మీదే. ఆరబెట్టి, గ్రానైటు పొడి కలవకుండా విడిగా ఉంచి, నాణ్యత పరీక్షించి ఇస్తే ఈ మడ్డిలో కొంతైనా ముడిసరుకుగానో, ఇటుకల తయారీకో పనికొచ్చే అవకాశం ఉంది. దానికి తలా ఒక దారి పట్టకుండా ఫ్యాక్టరీలన్నీ కలిసి ఒక ఆరబెట్టే స్థలం తీసుకోవాలి. ఇంతవరకు ఆ మాట మీద కూర్చున్నవాళ్లు నలుగురే.

గ్రానైటు కోసే చోట విషయం మరింత తీవ్రమైనది. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు, రాకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం. నీళ్లు పెట్టి కోయడం, దుమ్ము పీల్చే యంత్రం, సరైన మాస్కు అవసరం. పనివాళ్లు మెడకు చుట్టుకునే తువ్వాలు ఆ దుమ్మును ఆపలేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో పనివాళ్ల వైద్యానికి ఆదుకునే బీమా, ఈఎస్ఐ, కట్టాలి. హాజరు పట్టీలో తొమ్మిది పేర్లే రాయమని అడిగిన చోట నేను పని మానుకున్నాను.

ఈ ఏప్రిల్‌లో కొత్త పుస్తకాలు తెరిచినప్పుడు మడ్డి ఎత్తే ట్రాక్టరు కిరాయి ఏ పద్దులో రాయాలని ఆ తొట్టి యజమాని అడిగారు. ఇంతకుముందు దాన్ని "ఇతర ఖర్చులు"లో వేసేవాణ్ణి. ఈసారి బ్లేడ్లు, కరెంటు బిల్లు, కూలీ పక్కనే ఉత్పత్తి ఖర్చులో చేర్చి, అడుగు బండకు ఎంత పడుతుందో లెక్కగట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదువుకొని, వచ్చే నెల ధరల పట్టీలో దాన్ని కలుపుకుంటానన్నారు.