పెన్నేరు గడ్డ: వేరుకే మందు విలువ

అశ్వగంధ మాత్రల సీసా చేతికి తీసుకున్నప్పుడు, మోతాదు కన్నా ముందు అందులో ఉన్నది వేరా, ఆకా అన్నది చూడాలి. ఆయుర్వేదం కడుపులోకి ఇస్తూ వచ్చినది ప్రధానంగా వేరునే. ఆకును వాపులపై పైపూతగా వేసి కట్టేవారు. మనం పెన్నేరు గడ్డ అని పిలిచే ఈ మొక్క వంగ, టమాటాల కుటుంబానికి చెందినది. అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో పెద్దగా సారం లేని ఎర్ర నేలల్లోనూ వర్షాధారంగా పండుతుంది. విత్తిన ఐదారు నెలలకు కాయలు ఎర్రబడి ఆకులు ఎండడం మొదలైనప్పుడు మొక్కలను పెరికి, వేళ్లను కోసి, శుభ్రపరచి ఆరబెట్టి, లావును బట్టి రకాలుగా విడదీస్తారు.

చరక సంహిత దీనిని బలాన్నిచ్చే ఓషధులలోనూ, శరీరాన్ని పుష్టిపరిచే ఓషధులలోనూ చేర్చింది. వాత వ్యాధులకు, క్షీణతకు, నిద్రలేమికి, శుక్రలోపానికి వైద్యులు దీనిని వాడుతూ వచ్చారు. ఆ వాడుకలన్నిటిలో నాకు అత్యంత వివేకవంతంగా తోచేది క్షీరపాకం. ఒక వంతు మందుకు 8 వంతుల పాలు, 32 వంతుల నీరు కలిపి, నీరంతా ఇగిరి పాలు మాత్రమే మిగిలేవరకు సన్నని సెగపై మరిగించే ఈ పద్ధతిలో, చిక్కిపోయిన మనిషికి మందూ ఆహారమూ ఒకేసారి అందుతాయి.

ఒత్తిడిని తట్టుకునే శక్తిని పెంచుతాయని భావించే ఇటువంటి మూలికలనే నేడు అడాప్టోజెన్లు అంటున్నారు. హైదరాబాద్‌లో జరిగి 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 64 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 60 రోజులు ఇవ్వగా, మందు లేని మాత్రలు వేసుకున్నవారి కన్నా వారిలో ఒత్తిడి, రక్తంలోని కార్టిసాల్ (ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే హార్మోను) ఎక్కువగా తగ్గాయి. ఇది ఆశ కలిగించే ఫలితమే అయినా, ఇంత చిన్న అధ్యయనాన్ని పట్టుకొని సర్వరోగ నివారిణి అని ప్రచారం చేయడం అన్యాయం.

ఆకులో, కణాలకు హాని చేయగల విథాఫెరిన్-ఎ అనే పదార్థం వేరులో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆకును వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది కూడా. ఇక వేరు విషయంలోనూ గర్భిణులు దూరంగా ఉండాలి. థైరాయిడ్, కాలేయ సమస్యలు ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. అరుదుగానైనా అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు నమోదయ్యాయి కనుక, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపివేసి వైద్యుణ్ణి కలవాలి.