నాలుగు హస్తాల నుంచి ఒకటిన్నరకి

పిండిపదార్థాలు తగ్గిద్దామని మొదటిసారి ఆవేశంగా ఒక సోమవారం అన్నం, ఇడ్లీ, చపాతీ అన్నీ ఒకేసారి బంద్ పెట్టేశాను. మూడో రోజుకి తలనొప్పి, లిఫ్ట్ దాకా నడవాలన్నా నీరసం. శుక్రవారం రాత్రి టోలీచౌకిలో బిర్యానీ ముందు తేలాను. పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే ఇన్సులిన్ తగ్గి, కిడ్నీలు ఉప్పునీ నీళ్ళనీ ఎక్కువగా బయటికి పంపేస్తాయని తర్వాత తెలిసింది. ఉప్పేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగితే సర్దుకునేదేమో, నేను బిర్యానీతో వైద్యం చేసుకున్నాను.

రెండోసారి తూకంతో మొదలుపెట్టా. అమ్మ పెట్టే నాలుగు హస్తాల అన్నం 400 గ్రాములు తూగింది. వంద గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి ఒక్క పూటకే 110 దాటిందన్నమాట, అదీ పొద్దున తిన్న ఇడ్లీలు వదిలేసి! వారానికి అర హస్తం చొప్పున తగ్గించుకుంటూ వచ్చా. తగ్గిన చోట దొండకాయ వేపుడో, పాలకూరో, రెండు ఉడకబెట్టిన గుడ్లో. ముందు కూర సగం ఉత్తగా తినేసి ఆ తర్వాతే అన్నం కలుపుతా. దీనికి కూర డబుల్ వండాలి, అంటే ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్లో రెండు సంచులు, ఇంటికొచ్చాక గంటసేపు తరుగుడు. అసలు కష్టం అదే, ఆకలి కాదు.

ఆఫీసులో అందరిదీ ఒకటే సలహా, జొన్నరొట్టె తిను అని. జొన్నల్లో పీచు ఎక్కువ, మంచివే, కాదనను. కానీ వండని వంద గ్రాముల జొన్నల్లోనూ పిండిపదార్థం 70 గ్రాములకి దగ్గరే. అన్నం మానేసి నాలుగు రొట్టెలు లాగిస్తే తగ్గించింది ఏముంది? మల్టీగ్రెయిన్ బిస్కెట్లదీ అదే కథ. ప్యాకెట్ వెనక పదార్థాలు ఎక్కువ బరువున్నవి ముందొచ్చేలా రాస్తారు, నేను కొన్నదానిలో మొదటి పేరే మైదా. ఇరానీ చాయ్ మాత్రం ఇంకా మానలేదు, అడక్కండి.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా ఇది చేయొద్దు. అన్నం తగ్గి డోసు అలాగే ఉంటే షుగర్ పడిపోవచ్చు.

ఐదు వారాలకి ఒకటిన్నర హస్తానికి దిగాను. "అన్నం తినకుంటే బలమెట్లొస్తదిరా" అని అమ్మ గొణుగుడు ఆగలేదు. నిన్న తూచినట్టే ఒకటిన్నర వడ్డించి, నేను నీళ్ళు తాగేలోపు "పెరుగులకు" అంటూ ఇంకో హస్తం వేసేసింది.