సెమినరీ నుంచి పాత్‌వే దాకా: మా చర్చి చదువులో నా అనుభవం

"మీ చర్చికి అమెరికాలో పెద్ద యూనివర్సిటీ ఉందట కదా, ఇక్కడ ఒక్క స్కూలైనా ఎందుకు పెట్టలేదు?" అని మా ఆఫీసులో ఒకావిడ అడిగారు. సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్లకు ఆ సందేహం రావడం సహజమే. చర్చి ఉందంటే పక్కన కాన్వెంటో, మిషన్ హైస్కూలో ఉంటుందని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. మన ఊళ్లో మా సంఘానికి ఆరాధన భవనాలు ఉన్నాయి, బడి లేదు. అయినా నా లేఖనాల చదువు (దాన్ని సెమినరీ అంటాం), నాకు జీతం తెచ్చిపెడుతున్న ఆన్‌లైన్ చదువు (దాని పేరు పాత్‌వే), రెండూ ఆ సంఘం చేతుల మీదుగానే వచ్చాయి. అది ఎలా జరిగిందో ఇప్పుడు చేరాలనుకునే పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

ముందు బడి ఎందుకు లేదో చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో యూటా, ఐడహో ప్రాంతాల్లో మా సంఘం అకాడమీలనే సొంత బడులు చాలా నడిపింది. 1875లో ప్రోవోలో మొదలైన అకాడమీయే ఇవాళ్టి బ్రిగం యంగ్ యూనివర్సిటీ, పొట్టిగా బీవైయూ. 1888లో రెక్స్‌బర్గ్‌లో మొదలైనది బీవైయూ-ఐడహో అయింది. ప్రభుత్వ హైస్కూళ్లు పెరిగాక అదే చదువుకు రెండుసార్లు ఖర్చు పెట్టడం అనవసరం అనిపించి, సంఘం తన అకాడమీలను మూసేస్తూనో ప్రభుత్వానికి అప్పగిస్తూనో వచ్చింది. లెక్కలు, సైన్సు ప్రభుత్వ బడి చెబుతుంది, మరి దేవుని మాట ఎవరు చెప్పాలి? దానికి జవాబుగా 1912లో సాల్ట్ లేక్ సిటీలోని గ్రానైట్ హైస్కూలు పక్కన చిన్న భవనం కట్టి సెమినరీ మొదలుపెట్టారు. పిల్లలు ఒక పీరియడ్ బడి ఆవరణ దాటి వచ్చి, లేఖనాలు చదివి, మళ్లీ క్లాసుకు వెళ్లేవారు. కాలేజీ పిల్లల కోసం అలాంటిదే 1926లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే ఊళ్లో వచ్చింది. దాన్ని ఇన్‌స్టిట్యూట్ అంటాం. ప్రభుత్వ బడులు సరిపోని చోట్ల మాత్రం సంఘం సొంత బడులు పెట్టింది. పసిఫిక్ ద్వీప దేశం టోంగాలో లియహోనా హైస్కూలు అలాంటిదే. మన దగ్గర బడులకు కొదవ లేదు కాబట్టి మాకు వచ్చింది సెమినరీయే.

సెమినరీ అంటే పాస్టర్లను తయారుచేసే చోటు అనుకుంటారు మన క్రైస్తవ బంధువులు. మా దగ్గర అది పద్నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు నడిచే లేఖన తరగతి. నాలుగేళ్ల పాఠ్యక్రమం: పాత నిబంధన, క్రొత్త నిబంధన, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు. చివరి రెండూ బైబిలుతో పాటు మా సంఘం లేఖనాలుగా నమ్మే పుస్తకాలు. క్రెడిట్ రావాలంటే డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది గ్రంథం చదవాలి, పరీక్ష రాయాలి. నాలుగేళ్లు పూర్తయ్యాక సర్టిఫికెట్‌కు బిషప్ గారి (మా దగ్గర స్థానిక సంఘాన్ని నడిపించే పెద్ద) సిఫారసు కావాలి. ఇంటర్ చదువుతూ ఇది చేయడం ఎంత కష్టమో మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే స్టడీ అవర్స్, సాయంత్రం ఎంసెట్ కోచింగ్. రెండింటి మధ్య మా తరగతి తెల్లవారుజామున జరిగేది. మా టీచరమ్మ బ్యాంకు ఉద్యోగి. ఆవిడకు దీనికి రూపాయి జీతం లేదు. బిషప్ గారు పిలిచి "మీరు చెప్పాలి" అంటే చెప్పారు, అంతే. మా సంఘంలో బిషప్ గారికి కూడా జీతం ఉండదు.

ఆ టీచరమ్మ మాచేత పాఠం చెప్పించేవారు. ఒక్కొక్కరికి ఒక భాగం ఇచ్చి, మరుసటి రోజు లేచి వివరించమనేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు నలుగురి ముందు నోరు విప్పడం మొదట అక్కడే అలవాటైంది. నా దృష్టిలో మా సంఘం చదువంతా దీని మీదే నిలబడింది. 1832 డిసెంబరులో అమెరికాలోని కర్ట్‌లాండ్‌లో మా సంఘ స్థాపకులు జోసెఫ్ స్మిత్ గారికి వచ్చిన దైవ ప్రకటనలో ఒకరికొకరు బోధించుకోమని ఉంది. ఏమి బోధించుకోవాలో కూడా ఉంది: ఆకాశంలోనివి, భూమి మీదివి, భూమి కిందివి, జరిగినవి, జరగబోయేవి, దేశాల యుద్ధాలు, రాజ్యాల సంగతులు. అధ్యయనంతోనూ విశ్వాసంతోనూ నేర్చుకోమంటుంది ఆ భాగం. దేవుని చదువు వేరు, లోకపు చదువు వేరు అనే గీత అక్కడ నాకు కనిపించలేదు.

డిగ్రీ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి, పగలు ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తున్న రోజుల్లో పాత్‌వే గురించి విన్నాను. 2009లో బీవైయూ-ఐడహో అమెరికాలో మూడు చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టిన కార్యక్రమం అది. 2017లో దాన్నే బీవైయూ-పాత్‌వే వరల్డ్‌వైడ్ అనే ప్రత్యేక సంస్థగా చేశారు. చదువు ఆన్‌లైన్‌లో, వారానికొకసారి తోటివాళ్లతో కూడిక. ఫీజు దేశాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర అమెరికాలో కన్నా బాగా తక్కువ. సంఘ సభ్యులు కానివాళ్లు కూడా చేరవచ్చు. కావలసిందల్లా ఇంగ్లిష్, ఇంటర్నెట్, చాలా ఓపిక.

నేను చదివిన రోజుల్లో మొదటి ఏడాది మూడు సెమిస్టర్లు. ప్రతి సెమిస్టర్‌లో ఒక లేఖన పాఠం, ఒక లౌకిక పాఠం జతగా నడిచాయి. మొదటిదాంట్లో జీవన నైపుణ్యాలు, రెండోదాంట్లో ఎక్సెల్‌తో లెక్కలు, మూడోదాంట్లో రాయడం. నన్ను మార్చింది ఎక్సెల్. అప్పటిదాకా నేను షీట్లలో అంకెలు నింపేదాన్ని. అక్కడ ఇంటి బడ్జెట్ వేయమన్నారు, అప్పుకు వడ్డీ ఎలా పెరుగుతుందో సొంతంగా ఫార్ములా రాసి చూడమన్నారు. మా ఇంట్లో ఫైనాన్స్ మీద తీసుకున్న బండి అప్పునే లెక్క వేశాను. మొత్తం ఎంత కడుతున్నామో చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చీటీ డబ్బు రాగానే ఆ అప్పు ముందే తీర్చేశాం.

వారం వారం కూడికలో పాఠం చెప్పేది మళ్లీ విద్యార్థే. లీడ్ స్టూడెంట్ వంతు ఒక్కొక్కరికి వస్తుంది. పక్కన సేవా మిషనరీ దంపతులు కూర్చుంటారు, కానీ లెక్చర్ ఇవ్వరు. మా గుంపులో ఒక అన్న ఆటో నడిపేవారు, ఒక అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ అక్క చంటివాణ్ణి ఒళ్లో పెట్టుకునే పాఠం నడిపేది. రెగ్యులర్ కాలేజీలో ఇలాంటివాళ్లకు చోటు దొరకదు. నాకు ఈ పద్ధతి మీద ఉన్న గౌరవం అంతా వాళ్లను చూసి వచ్చిందే.

ఇబ్బందులూ చెప్పాలి. మొదటిది గడియారం. వారం అసైన్‌మెంట్ల గడువు అమెరికా మౌంటెన్ టైమ్ ప్రకారం శనివారం అర్ధరాత్రి. మనకది ఆదివారం మధ్యాహ్నం అవుతుంది, అంటే సరిగ్గా ఆరాధనా, సండే స్కూలూ నడిచే వేళ. శనివారం రాత్రికే అన్నీ పంపేయాలని మా గుంపు నియమం పెట్టుకుంది. రెండోది ఇంగ్లిష్. ప్రతివారం చర్చాపలకలో రాయాలి, ఇతరులు రాసినదానికి జవాబివ్వాలి. సంఘంలోనే ఉచితంగా నడిచే ఇంగ్లిష్‌కనెక్ట్ తరగతికి ముందుగా వెళ్లి రావడం మేలు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాత్‌వే తానుగా డిగ్రీ ఇవ్వదు. అక్కడ మొదలుపెట్టి ముందు ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్, తర్వాత అసోసియేట్ డిగ్రీ (బ్యాచిలర్స్ కన్నా చిన్నది), ఆపైన బ్యాచిలర్స్ చేయొచ్చు. డిగ్రీ మీద ఉండే పేరు బీవైయూ-ఐడహోదో, మా సంఘానిదే అయిన ఎన్‌సైన్ కాలేజీదో. 2024 నుంచి మూడేళ్ల బ్యాచిలర్స్ కూడా వచ్చింది. అమెరికాలో ఆ రెండు సంస్థలకూ గుర్తింపు ఉంది. కానీ ఇక్కడ గ్రూప్స్ రాయాలన్నా, పీజీలో చేరాలన్నా విదేశీ డిగ్రీకి సమానత్వ గుర్తింపు అడుగుతారు, ఆన్‌లైన్ డిగ్రీ అంటే ప్రశ్నలు ఇంకా ఎక్కువ. అందుకే నేను అంబేద్కర్ యూనివర్సిటీ డిగ్రీ వదల్లేదు. రెండూ కలిపి చదవడం భారమే. ప్రైవేటు ఉద్యోగం, ఇంటి నుంచి చేసే విదేశీ కంపెనీ పని మీ లక్ష్యమైతే పాత్‌వే చాలు. సర్కారు కొలువు మనసులో ఉంటే ఇక్కడి డిగ్రీ కూడా చేతిలో ఉంచుకోండి. చేరే ముందే బిషప్ గారితోనూ, ఆ చదువు పూర్తిచేసినవాళ్లతోనూ కూర్చుని ఈ సంగతి తేల్చుకోండి.

నాకు సర్టిఫికెట్ దాకా వచ్చేసరికే అకౌంట్స్ విభాగంలో పని దొరికింది. డేటా ఎంట్రీ జీతానికీ దానికీ పోలిక లేదు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది డిగ్రీ గురించి కాదు, ఒక షీట్ ఇచ్చి తప్పులు పట్టమన్నారు.

1978లో, సమోవాలో మా సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చి బంధువులకు సువార్త చెప్పినప్పుడు ఇక్కడ మా సంఘానికి ఏ తరగతీ లేదు. 2012లో దేశంలోనే మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) మన హైదరాబాద్‌లో ఏర్పడింది. ఇప్పుడు సెమినరీ పిల్లలు ఉన్నారు, చెప్పేవాళ్లే తక్కువ. నిరుడు బిషప్ గారు నన్ను పిలిచి సెమినరీ చెప్పమన్నారు. 2025 జనవరి నుంచి ఆ తరగతిలో లేఖనాలతో పాటు జీవితానికి సిద్ధం చేసే పాఠాలు కూడా చేర్చారు: చదువులో నిలదొక్కుకోవడం, మానసిక ధైర్యం, డబ్బు పొదుపుగా వాడుకోవడం. డబ్బు పాఠం రోజున లాప్‌టాప్ తీసుకెళ్లి, వడ్డీ ఫార్ములా పిల్లల చేతే రాయించాను. వచ్చేవారం పాఠం చెప్పే వంతు పదో తరగతి అబ్బాయిది, ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి సందేహాలు అడిగాడు.