మాస్టారికి బాకీ పడ్డ హోంవర్క్

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాయమని మన గ్రూపులో మూడోసారి అడిగారు, ఇక తప్పించుకుంటే బాగోదు. అందరూ తాము సాధించినవి రాస్తున్నారు. నేనేం సాధించానా అని మొన్న ఒక రోజంతా ఆలోచించాను, ఆ రోజంతా నేను చేసింది మాత్రం అంట్లు తోమడం, బట్టలు ఉతికి ఆరేయడం, వంట, మధ్యలో అమ్మతో ఫోను. సరే, అదే రాస్తాను. ఉద్యోగం మానేశాక ఇంటి పని చాలావరకు నా వాటాకొచ్చింది. మా ఆవిడ ఎనిమిదికల్లా ఆఫీసుకి వెళ్లిపోతుంది, మావాడు కాలేజీకి. ఆ తర్వాత ఇల్లు, నేను, సింకు నిండా గిన్నెలు.

అసలు ఇది రాయాలనిపించింది మన ఫిజికల్ సైన్స్ మాస్టారి వల్ల. మీకు గుర్తుండే ఉంటుంది, తొమ్మిదో తరగతిలో ఒకరోజు ఆయన పాఠం మధ్యలో పుస్తకం మూసేసి, "ఆదివారం మీ వంటగదిలో ఒక పూట కూర్చోండి, పది ఎందుకులు రాసుకురండి, జవాబులు అక్కర్లేదు" అన్నారు. సోమవారం పొద్దున బెల్లు కొట్టేలోపు నా బెంచీవాడి నోట్సు లాక్కుని పదికి పదీ కాపీ కొట్టాను. వాడు "పాలు ఎందుకు పొంగుతాయి?" అని రాస్తే నేను ఆ కంగారులో "పాలు ఎందుకు పొంగవు?" అని రాశాను. మాస్టారు దాన్ని క్లాసులో పైకి చదివి, "మీ ఇంట్లో పొంగవా నాయనా, అదృష్టవంతులు" అన్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

మొన్న పొద్దున మా ఇంట్లో పొంగాయి. పాలు పొయ్యి మీద పెట్టి, రెండు నిమిషాలే కదా అని ఫోను తీశాను, తెలుసు కదా ఎలా ఉంటుందో. నీళ్లు మరిగితే ఆవిరి దాని దారిన అది పోతుంది. పాలలో ఉండే ప్రొటీను, కొవ్వు కలిసి పైన తొరకలా కడతాయి, కింద పుట్టిన ఆవిరికి దారి దొరక్క నురగంతా ఆ తొరకనే ఎత్తుకుని పైకి లేస్తుంది. వెడల్పు గిన్నె, సగానికి మించకుండా పాలు, చిన్న మంట ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినవాడు పొయ్యి దగ్గర ఉండాలి, అంతే. బర్నరు చిల్లుల్లోకి పోయిన పాలు మాడిన వాసన మధ్యాహ్నం దాకా వదల్లేదు.

బట్టలు ఆరేస్తుంటే అమ్మ ఫోను చేసింది. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. ఆవిడ వార్తలు చెప్పే తీరు ఎప్పుడూ ఒకటే, చిన్నవన్నీ ముందు, పెద్దది చివర్న, అదీ ఫోను పెట్టేయబోతూ. పక్కింటివాళ్లు ఇల్లు మారుతున్నారు, వదినకి నడుం నొప్పి తగ్గింది, అన్నయ్య ఎప్పట్లాగే మాత్రలు వేసుకోవడం మర్చిపోతున్నాడు. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఊఁ కొడుతూ దుప్పటిని నాలుగు మడతల మీదే దండెం మీద వేసేశాను, క్లిప్పులు రెండే మిగిలాయి మరి. అప్పట్లో మాస్టారు క్లాసులో రెండు తడి జేబురుమాళ్లు తెచ్చి ఒకటి మడతపెట్టి, ఒకటి పరిచి ఆరేసి చూపించారు, గాలి తగిలే మేర ఎంత ఉంటే అంత త్వరగా ఆరుతుందని. ఆ దుప్పటి సాయంత్రానికి బయట ఎండి, లోపల మడతల్లో చల్లగా తడిగా అలాగే ఉంది, మళ్లీ విప్పి వేశాను.

పెద్ద వార్త పిన్నిది. శుక్లం ఆపరేషన్ అయింది, ఒక కంటికి. నాలుగు రోజుల ముందే అయిందట, నేను టెన్షన్ పడతానని చెప్పలేదట, నేనెప్పుడు పడ్డాను? మసకబారిన కటకాన్ని తీసేసి దాని స్థానంలో చిన్న ప్లాస్టిక్ కటకం పెడతారు కదా, కట్టు విప్పి ఇంటికొచ్చాక పిన్ని గోడలకేసి చూసి "ఎవరే, నాకు చెప్పకుండా సున్నం వేయించారు?" అని అడిగిందట. ఎవరూ వేయించలేదు. ఇన్నేళ్లుగా ఆవిడ లేత పసుపు అనుకుంటున్న గోడ మొదట్నుంచీ తెల్లదే. శుక్లం పట్టేకొద్దీ కటకం పసుపు తిరిగి నీలం వెలుతురుని లోపలికి రానివ్వదు, అది కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు. ఇప్పుడు ఒక కన్ను మూస్తే తెల్ల గోడ, ఇంకో కన్ను మూస్తే పసుపు గోడ, వచ్చిన వాళ్లందరికీ అదే చెబుతోందట పిన్ని. రెండో కంటికి కూడా అయిపోతే ఆ సరదా ఉండదు పాపం.

ఇక వంట. ఆ రోజు పప్పు చేద్దామనుకున్నాను. ఉల్లిపాయ దగ్గరే ఏడుపు మొదలైంది, చాకు మొద్దుబారి తరగడం కన్నా నలపడమే ఎక్కువైంది, కణాలు ఎంత చితికితే కంట్లోకి అంత ఘాటు. కుక్కరు గాస్కెట్ సాగిపోయి మూత పక్కల నుంచి ఆవిరి పోతోంది, సర్లే మామూలు గిన్నెలో ఉడికిద్దామని పప్పు, ఉల్లిపాయ, నాలుగు టమాటాలు అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టాను. అరగంటకి చూస్తే పప్పు గింజ గింజగా నవ్వుతోంది. ముప్పావుగంట. గంట. గరిటెతో ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కితే పైన జారి, మధ్యలో రాయిలా తగులుతోంది. నీళ్లు మాత్రం బాగా ఎర్రగా, రుచిగా ఉన్నాయి.

అమ్మకి ఫోను చేశాను.

"టమాటాలు ఎప్పుడు వేశావురా?"

"పప్పుతో పాటే."

అటువైపు కాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దం తెలిసినవాళ్లకి తెలుస్తుంది. "పులుపు ముందు వేస్తే పప్పు ఉడుకుతుందటరా?" అంది చివరికి.

ఆవిడకి పెక్టిన్ అనే మాట తెలియదు. గింజ గోడల్ని పట్టి ఉంచే ఆ పదార్థం ఉడికేటప్పుడు కరిగితేనే గింజ మెత్తబడుతుంది, పులుపు ఉంటే అది త్వరగా కరగదు, అందుకే పప్పు మెత్తగా ఉడికాకే పులుపు వేయాలి. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మ దగ్గర వాక్యం ఒక్కటే ఉంది, పులుపు చివర్న. నాకు కారణం తెలిసింది, ఆవిడకి పప్పు ఉడికింది, ఎవరిది చదువో మీరే చెప్పండి.

"చిటికెడు వంటసోడా వెయ్యి, సర్దుకుంటుంది" అంది. నేను చిటికెడు ఎంతో తెలియని మనిషిని, అర చెంచా వేశాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత గిన్నె నిండా నురగ లేచి మూతని పక్కకి నెట్టి పొయ్యంతా పారింది, ఒకే రోజు ఒకే బర్నరు మీద రెండోసారి. టమాటా పులుపు, సోడా కలిస్తే పుట్టేది కార్బన్ డయాక్సైడ్. మాస్టారు గాజు గ్లాసులో సున్నపు తేట పోసి మనల్ని స్ట్రాతో ఊదమన్నారు చూడండి, తేట పాలలా మారిపోయింది, ఆ వాయువే. అప్పుడు మన వరసలో ఒకడు ఊదమంటే పీల్చాడు, వాడి పేరు రాయను, వాడు ఈ సంచిక చదువుతాడు.

మావాడు రెండింటికి వచ్చి కంచంలో చూసి, "నాన్నా, ఇది సూపా?" అన్నాడు. అవును సూపే అన్నాను. గింజలు పక్కకి పెట్టి అన్నంలో కలుపుకుని తిన్నాడు, మంచి పిల్లాడు, ఆకలి కూడా ఉంది.

మధ్యాహ్నం వెళ్లి గాస్కెట్ తెచ్చి వేశాను. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువవుతుందే గానీ వేడి పెరగదు, మూత బిగించి బరువు పెడితే దాదాపు 120 దాకా వెళుతుంది, పప్పుకి ఆ తేడా చాలు. దీనికి మూలమైన పాత్రని డెనిస్ పాపిన్ అనే ఆయన 1679లో చేశాడు, ఎముకల్ని కూడా మెత్తబరచడానికని. పేలిపోకుండా ఆవిరి వదిలే వాల్వు పెట్టింది కూడా ఆయనే. గిన్నె పేలితే ఏమవుతుందో ఆయనకి అనుభవం మీద తెలిసిందేమో, వాల్వు ఉన్నా నాకు మూడో విజిల్‌కి ఇప్పటికీ గుండె దడే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కెటిల్ అడుగున పేరుకున్న తెల్ల పెచ్చు మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని బుడగలు వచ్చాయి, ఉప్పునీళ్లు కాచగా మిగిలిన సున్నపు పెచ్చే అది, మళ్లీ అదే వాయువు. ఇంకోటి మాత్రం సరదాగా చెప్పను. బాత్రూమ్ కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీదే యాసిడ్ ఎప్పుడూ పోయకండి. క్లోరిన్ వస్తుంది. నేను ఒకసారి చేశాను, తలుపు మూసుకుని మరీ. దగ్గుతూ బయటికొచ్చి గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను, గొంతు రెండు రోజులు మండింది.

రాత్రి మా ఆవిడ రెండోసారి వండిన పప్పు తిని ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగుందని. మధ్యాహ్నం సూపు కథ అప్పటికే మావాడు చెప్పేశాడు, "ఏమండీ, రేపు కూడా సూపేనా?" అని మాత్రం అడిగింది. అంట్లు తోమి, పాలు చల్లారబెట్టి, తోడు వేయడానికి చిటికెన వేలు ముంచి చూశాను. వేలికి హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు, అది అమ్మ కొలత. మాస్టారి కొలతలో 40, 45 డిగ్రీల మధ్య. మరీ వేడైతే తోడులో ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోతుంది, చల్లగా ఉంటే బద్ధకిస్తుంది.

గిన్నె మీద మూత పెట్టి, కిటికీ దగ్గర గాలి తగలకుండా లోపలికి జరిపి, లెక్కేసుకున్నాను. పాలు, దుప్పటి, పిన్ని గోడ, ఉల్లిపాయ, పప్పు, కుక్కరు, కెటిల్, బాత్రూమ్, పెరుగు. తొమ్మిదే అయ్యాయి. సమ్మేళనానికి మాస్టారు వస్తున్నారని గ్రూపులో పెట్టారు కదా. బెంచీవాడు కూడా గ్రూపులోనే ఉన్నాడు, గుడ్ మార్నింగులు తప్ప ఇంకేమీ పెట్టడు. ఒరేయ్, ఇది చదివితే పదోది రాసి పంపించు, సోమవారం లోపు.